మూడో బోరు వేయాలా వద్దా? ఆదివారం మీటింగ్, తొందరగా చెప్పండి

మియాపూర్_మూడో_అంతస్తు (గురువారం, రాత్రి 10:52)

మాది మియాపూర్‌లో 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. రెండు బోర్లున్నాయి. 700 అడుగులది పోయిన వేసవిలోనే చేతులెత్తేసింది. 1,100 అడుగులది మార్చి నెలాఖరు నుంచి పావుగంట పోసి గాలి కొట్టడం మొదలుపెట్టింది, మోటార్ కాలిపోతుందేమోనని వాచ్‌మన్ స్టార్టర్ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. నల్లా రోజు విడిచి రోజు, అదీ గంటంబావు. మిగతాదంతా ట్యాంకర్లే, మెయింటెనెన్స్ 2,500 నుంచి 4,000కి వెళ్లింది.

ఇప్పుడు సెక్రటరీ గారు 1,500 అడుగులకు కొత్త బోరు అంటున్నారు. కొటేషన్ మూడున్నర లక్షలు, ఫ్లాట్‌కు దాదాపు పదిహేను వేలు. పాయింట్ చూడటానికి ఒకాయన కొబ్బరికాయ పట్టుకుని వచ్చాడు. అరచేతిలో పడుకున్న కాయ ఒకచోట నిటారుగా లేచి నిలబడింది. ఎక్కడంటే సరిగ్గా నా కారు పార్కింగ్‌లో.

ఇంకో సంగతి. మా చిన్నోడికి పది రోజుల్లో రెండోసారి విరేచనాలు. తాగేది క్యాన్ నీళ్లే. డాక్టర్ గారు నీళ్లు మార్చండి అన్నారు, దేనికి మార్చాలో చెప్పలేదు.

సంపులో_చేప

కాయ మీ పార్కింగ్‌లో నిలబడిందంటే కింద నీళ్లున్నాయని కాదు అన్నా, సెక్రటరీ గారికి రెండో కారు వస్తోందని.

కేసింగ్_రాజు

అన్నా, ఎనిమిదేళ్లు బోర్లు వేసే రిగ్గు మీద పనిచేసినవాణ్ని, ఇప్పుడు వేరే పని చేసుకుంటున్నా కాబట్టి నిజం చెప్పినా నాకు నష్టం లేదు. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్ బండ. మీద కొంత మట్టి, దాని కింద పుచ్చిపోయిన రాయి, అక్కడిదాకా కేసింగ్ పైపు దింపుతాం, ఆ తర్వాత గట్టి బండ. ఆ బండలో నీళ్లు చెరువులా నిలవుండవు, పగుళ్లలో ఉంటాయి. మేము గ్యాప్ అంటాం. బిట్టు గ్యాప్‌కు తగిలినప్పుడు రాడ్ చటుక్కున దిగుతుంది, బయటికొచ్చే పౌడర్ రంగు మారుతుంది, ముందు తడి ముద్దలా వచ్చి తర్వాత నీళ్లు చిమ్ముతాయి. మంచి గ్యాప్‌లన్నీ నేను చూసినంతలో మొదటి మూడు నాలుగు వందల అడుగుల్లోనే. కిందికి పోయేకొద్దీ బరువుకు పగుళ్లు మూసుకుపోతాయి. వెయ్యి దాటాక పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెల్లగా పొడి దుమ్మే, గల్లీలో కార్లన్నీ పిండి చల్లినట్టు అయిపోతాయి, మీటర్ మాత్రం అడుగుకింత అని తిరుగుతూనే ఉంటుంది. నీళ్లు పడకపోయినా మాకు డబ్బులు పడతాయి. ఆ సంగతి ముందు రోజు ఎవరూ చెప్పరు.

పడవని అనను. ఒక్కోసారి 1,300లో కూడా ఒకటిన్నర ఇంచి నీళ్లు పడ్డాయి. కానీ మూడు నెలల తర్వాత ఎంత పోస్తుందో అడగండి.

లెక్కలసారు

సరే రాజుగారూ, మరి 24 ఫ్లాట్ల జనం ఏం తాగాలి? ఫ్లాట్‌కు నలుగురు, మనిషికి 135 లీటర్లు లెక్కేస్తే రోజుకు దగ్గరదగ్గర 13 వేల లీటర్లు. నల్లా సగం ఇస్తుందనుకుందాం. మిగతాదానికి బోరు వద్దంటే ట్యాంకరే. ఆ ట్యాంకర్ నీళ్లు ఎక్కడివి? శివార్లలో ఎవరిదో పొలం బోరువి. మన బోరు వద్దని ఇంకొకరి బోరు తాగుతున్నాం, అంతే తేడా.

పంపుహౌస్_తాతయ్య

లెక్కలసారు అడిగింది న్యాయమైన ప్రశ్న. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపికుంటే చదవండి, రిటైరయ్యాక నాకు మిగిలింది ఇదొక్కటే.

నేను పంపుహౌస్ ఉద్యోగంలో చేరినప్పుడు ఇంకా గండిపేట నీళ్ల గురించి గొప్పగా చెప్పుకునేవాళ్లు, ఆ నీళ్లు తాగినవాడు ఈ ఊరు వదలడని. 1908 సెప్టెంబరులో మూసీ వరద ఊరిని ముంచేశాక విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు, ఆయన సూచనల మీద ఎగువన రెండు ఆనకట్టలు లేచాయి. 1920లో ఉస్మాన్‌సాగర్, మనం గండిపేట అనేది అదే, 1927లో హిమాయత్‌సాగర్. వరద ఆపడానికి కట్టినవి ఊరికి నీళ్లు తాగించాయి. గండిపేట నుంచి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు నీళ్లు వాలుకు వచ్చేవి, పంపు లేదు, కరెంటు బిల్లు లేదు. తర్వాత మంజీరా, సింగూరు జలాశయాలు. ఆ తర్వాత ఊరు ఎంత పెరిగిందంటే కృష్ణా నీళ్లను నాగార్జునసాగర్ వెనక పుట్టంగండి నుంచి కోదండాపూర్‌లో శుద్ధి చేసి వంద కిలోమీటర్లకు పైగా ఎత్తుకుంటూ తెచ్చాం. 2004లో మొదటి దశ, 2008లో రెండోది, 2015లో మూడోది. గోదావరి కూడా 2015లోనే, ఎల్లంపల్లి నుంచి 186 కిలోమీటర్లు. మీరు బకెట్ పొర్లిపోతుంటే ఫోన్ మాట్లాడుతున్నారే, ఆ నీళ్లు రెండు జిల్లాలు దాటి గుట్టలెక్కి వచ్చినవి.

ఇంత చేసినా 2016 వేసవిలో సింగూరు, మంజీరా ఎండిపోయాయి. నదికి వాన రాకపోతే మన పైపు ఎంత లావుగా ఉన్నా లాభం లేదు.

ఇక మీ బోరు. 1,100 అడుగులదాన్ని పాడుబడిందని వదిలేయకండి, 700 అడుగులదాన్ని అసలే వదలకండి. మీ మేడ పైకప్పు ఎంత?

మియాపూర్_మూడో_అంతస్తు

600 గజాలు సుమారు, తాతయ్యగారూ.

పంపుహౌస్_తాతయ్య

అంటే 500 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన ఒక లీటరు. మీ కప్పు మీద ఒక సెంటీమీటరు పడితే 5,000 లీటర్లు, అంటే సరిగ్గా ఒక చిన్న ట్యాంకర్. మన ఊళ్లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు పడుతుంది. ఆవిరి, పొర్లు, మొదటి మురికి వాన తీసేసి అయిదో వంతు పోయిందనుకున్నా 3 లక్షల 20 వేల లీటర్లు. 64 ట్యాంకర్లు. వాటిని మీ పాత బోరు దగ్గర ఇంకించొచ్చు. ఇప్పుడవి ఎక్కడికి పోతున్నాయి? పైపులోంచి సెల్లార్‌లోకి, అక్కణ్నుంచి రోడ్డు మీదికి, రోడ్డు మీద ట్రాఫిక్ జామ్‌లోకి.

లెక్కలసారు

64 ట్యాంకర్లంటే వినడానికి బాగుంది సార్. రోజుకు 13 వేల లీటర్లతో భాగించండి, 25 రోజులు కూడా రాదు. ఏడాదిలో 25 రోజులు! అదీ మీరు పోసిన చుక్క మీ బోరులోనే ఉంటుందని గ్యారంటీ ఏమిటి, పక్క కాంప్లెక్స్‌వాడు లాగేస్తాడు.

పంపుహౌస్_తాతయ్య

లాగుతాడు. వాడు ఇంకిస్తే మీరూ లాగుతారు. 25 రోజులన్న లెక్క కూడా కరెక్టే, కాదనను. కానీ మీకు ట్యాంకర్లు పట్టేది ఏడాదంతా కాదు కదా, మార్చి నుంచి జూన్ దాకా. బోరు రోజుకు పావుగంట బదులు గంట పోస్తే ఈ వేసవి లెక్కే వేరుగా ఉండేది. మూడున్నర లక్షలు పెట్టి ఖాళీ గ్లాసులో పొడుగాటి స్ట్రా వేస్తామంటే మీ ఇష్టం.

బోరబండ_బిందె

మీ చర్చ చదువుతుంటే నవ్వొస్తోంది, కోపం కూడా వస్తోంది. మా గల్లీలో పదకొండు ఇళ్లకు నాలుగు నల్లాలు. నీళ్లు ఎప్పుడొస్తాయో తెలిసేది లైన్‌మన్ ఫోనెత్తితేనే. ఒక రోజు పొద్దున నాలుగింటికి, ఇంకో రోజు రాత్రి పదకొండింటికి. మా అమ్మ నాలుగిళ్లలో పని చేస్తుంది, నీళ్లొచ్చిన రోజు మొదటి ఇంటికి ఆలస్యం, ఆ మేడం జీతం కోస్తానంటుంది, ఆ మేడం ఇంట్లో మాత్రం షవర్ రోజంతా. మా దగ్గర సంపు లేదు, ఓవర్‌హెడ్ ట్యాంక్ లేదు, ఉన్నది రెండు నీలం డ్రమ్ములు, ఆరు బిందెలు. ఇంటర్ పరీక్షల టైమ్‌లో కూడా బిందెల లైన్‌లో నిలబడి చదివాను, పుస్తకం తడిసి ఉబ్బిపోయింది.

మనిషికి 135 లీటర్లు అని రాశారు లెక్కలసారు. మా అయిదుగురికి రెండు రోజులకు కలిపి మూడు వందలు వస్తే పండగ.

లెక్కలసారు

తప్పుగా అనుకోవద్దమ్మా, నేను రాసింది ప్రభుత్వ ప్రమాణం. అందరికీ అంత వస్తోందని అనలేదు.

బోరబండ_బిందె

తెలుసు సార్. మిమ్మల్ని కాదు అన్నది. మేడంని.

యాకుత్‌పురా_గల్లీ

మా వైపు నీళ్లు వస్తాయి, కానీ మొదటి అయిదు నిమిషాలు వాసన. పైపులు పాతవి, నల్లా పైపు, డ్రైనేజీ పైపు పక్కపక్కనే పోతాయి. ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది, చాలామందికి తెలియదు. నీళ్లు వదలని టైమ్‌లో పైపు ఖాళీగా ఉంటుంది, లోపల ఒత్తిడి ఉండదు, పక్కన లీకయ్యే మురుగు కన్నంలోంచి లోపలికి జారుతుంది. దీనికి తోడు నల్లాకు నేరుగా మోటార్ బిగించి గుంజే మహానుభావులు ఉంటారు, అప్పుడు పైపు స్ట్రా అయిపోయి చుట్టుపక్కల ఉన్నదంతా పీలుస్తుంది. వాడికి నీళ్లు, వెనకింటివాళ్లకు వాంతులు. 2009లో భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లకు ప్రాణాలే పోయాయి, ఆ వారమంతా మా అమ్మీ మమ్మల్ని కాచి చల్లార్చిన నీళ్లు తప్ప ముట్టనివ్వలేదు.

మేం చేసేది ఇది: మొదటి రెండు బకెట్లు బాత్రూమ్‌కు, తర్వాతవే తాగడానికి. వాసన వస్తే వాటర్ బోర్డు నంబర్ 155313కి ఫోన్ చేసి కంప్లయింట్ నంబర్ రాసుకోవడం. నంబర్ లేకపోతే రేపు మీరు ఫోనే చేయలేదంటారు.

మోడరేటర్

ఒక ఆర్వో ఫిల్టర్ల డీలర్ ఫోన్ నంబర్‌తో పెట్టిన పోస్టు తీసేశాం. మూడోసారి. వ్యాపారం వేరే చోట చేసుకోండి.

ల్యాబ్_అక్క

ఆ డీలర్ వచ్చాడు కాబట్టి ఇది చెప్పాల్సిందే. ఇంటికొచ్చి రెండు గ్లాసుల్లో రెండు కడ్డీలు ముంచి కరెంటిస్తే మీ నల్లా నీళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, వాళ్ల నీళ్లు తెల్లగా ఉంటాయి, చూశారు కదా? ఆ రంగు మీ నీళ్లలోని మురికి కాదు. ఇనుప కడ్డీ కరిగిన తుప్పు. లవణాలున్న నీళ్లలో కరెంటు పారుతుంది కాబట్టి కడ్డీ కరుగుతుంది, ఆర్వో నీళ్లలో దాదాపు పారదు. మా అత్తగారు ఈ గారడీకే 14 వేలు సమర్పించుకున్నారు, నేను ల్యాబ్‌లో పనిచేస్తానన్న సంగతి ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు.

టీడీఎస్ మీటర్ చూసి భయపడకండి, ధైర్యమూ తెచ్చుకోకండి. అది ఉప్పులను కొలుస్తుంది, క్రిములను కాదు. మన దేశ ప్రమాణంలో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే నీళ్లు దొరకనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు. టీడీఎస్ 90 ఉన్న క్యాన్‌లో కోలీఫాం, అంటే మురుగు కలిసి ఉండొచ్చని చెప్పే క్రిములు, పట్టుకున్నాను నేను. ఆర్వో, క్లోరిన్‌ను తీసేస్తుంది, ఆ నీళ్లను కడగని క్యాన్‌లో పోసి ఎండలో ఆటో మీద తిప్పితే కాపలా లేని ఇల్లు లెక్క. మియాపూర్ అన్నా, మీ బాబు విషయంలో నా అనుమానం ముందు క్యాన్ మీద, తర్వాత ఆ క్యాన్‌ను బోర్లించే డిస్పెన్సర్ మీద. దాని కుళాయి విప్పి లోపల వేలు పెట్టి చూడండి, జిగురుగా తగిలితే దొంగ దొరికినట్టే.

నల్లా నీళ్లలో బ్లీచింగ్ వాసన వస్తోందని పారబోస్తారు చాలామంది. ఆ వాసనే కాపలా. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మెడికల్ షాపుల్లో, ఆక్వేరియం షాపుల్లో చుక్కల మందు కిట్ దొరుకుతుంది, చిన్న గొట్టంలో నీళ్లు పట్టి రెండు చుక్కలు వేస్తే పసుపుపచ్చగా మారాలి. మారకపోతే కాచి తాగండి. బాగా మరిగాక ఒక్క నిమిషం చాలు, గంటలు గంటలు గ్యాస్ తగలెయ్యక్కర్లేదు. బాబుకు మాత్రం ఓఆర్ఎస్ ఆపకండి.

ఒక మాట: కాచితే క్రిములు చస్తాయి, ఉప్పులు, ఫ్లోరైడ్, నైట్రేట్ పోవు.

నల్గొండ_బిడ్డ

ఫ్లోరైడ్ పేరు వచ్చింది కాబట్టి నేను ఆగలేను. మా ఊరు మునుగోడు వైపు. మా పెద్దనాన్న నలభై ఏళ్లకే నడుం వంగి కర్ర పట్టాడు, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. ఆయన నవ్వితే పళ్లు గోధుమరంగు గీతలతో ఉండేవి, ఫొటోలో నోరు మూసుకునేవాడు. నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి, అదే ఈ ఫ్లోరైడ్ జబ్బు గురించి, డాక్టర్లు దశాబ్దాల కిందే రాశారు, మా ఊళ్లోకి శుద్ధి చేసిన నది నీళ్లు పైపులో వచ్చేసరికి నేను ఉద్యోగంలో చేరిపోయాను. మధ్యలో ఎన్ని తరాలో మీరే లెక్కేసుకోండి.

మా ఊళ్లో పాత చేదబావులు ఉన్నప్పుడు ఇంత లేదంటారు పెద్దలు. బావులు ఎండి బోర్లు దిగాక పెరిగింది. గ్రానైట్‌లో ఫ్లోరైడ్ ఖనిజాలు ఉంటాయి, లోతున నీళ్లు రాయితో ఎక్కువ కాలం ఉంటాయి, అంత ఎక్కువ కరిగించుకుంటాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. అన్నా, మీ 1,500 అడుగుల బోరులో నీళ్లు పడ్డాయే అనుకో, పూజ చేసి కొబ్బరికాయ కొట్టకముందు సీసాలో పట్టి ల్యాబ్‌కు పంపు.

సంపులో_చేప

ఈసారి ఆ కాయ కొట్టండి, పాపం ఎన్ని పార్కింగ్‌లు చూపించిందో.

మియాపూర్_మూడో_అంతస్తు (శనివారం, సాయంత్రం 6:15)

అక్కా, డిస్పెన్సర్ కుళాయి విప్పాను. చెప్పలేను, అన్నం ముందు చదివేవాళ్లు ఉంటారు. పచ్చగా, జారుడుగా, గోరుతో గీకితే చుట్టలా వచ్చింది. మూడేళ్లుగా దాన్ని పైపైన తుడుస్తున్నామే తప్ప ఒక్కసారి విప్పలేదు. మా ఆవిడ దాన్ని చెత్తబుట్టలో వేసి స్టీలు బిందె దించింది. నల్లా వచ్చిన రోజు నేరుగా కుళాయి నుంచి పట్టి కాచి చల్లార్చి తాగుతున్నాం.

సంపు కూడా తెరిపించాం. 20 వేల లీటర్ల సంపు, చివరిగా ఎప్పుడు కడిగారో ఎవరికీ తెలియదు. నీళ్లు తోడించి తలుపు చాలాసేపు తెరిచిపెట్టి, దీపం దించి చూసి, పైన ఇద్దరు ఉండి తాడు పట్టుకుంటేనే మనిషిని దింపాం. అడుగున చీలమండ లోతు బురద, ఒక చెప్పు, రెండు టెన్నిస్ బంతులు. నల్లా నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు మూడూ అదే సంపులో కలుస్తున్నాయి. ఇది నాకు కొత్త సంగతి.

ల్యాబ్_అక్క

అదే అడుగుదామనుకుంటున్నా. నల్లాకు వేరే చిన్న సంపు పెట్టించండి, రెండు వేల లీటర్లదైనా సరే, వంటింటి కుళాయికి మాత్రమే. మిగతాది వాడకానికి. ట్యాంకర్ నీళ్లు దించినప్పుడు తాజా బ్లీచింగ్ పౌడర్ వెయ్యి లీటర్లకు నాలుగు గ్రాముల లెక్కన బకెట్‌లో కలిపి, తేరాక పై నీళ్లు మాత్రం పోయండి, అరగంట ఆగి వాడండి. తెరిచి నెలలైన ప్యాకెట్ వద్దు, దాంట్లో ఏమీ మిగలదు.

కేసింగ్_రాజు

700 అడుగుల పాత బోరు చుట్టూ ఆరడుగుల వెడల్పు, పదడుగుల లోతు గుంత తీయించండి అన్నా. గుంతలో ఉన్నంతమేర కేసింగ్‌కు చిన్న రంధ్రాలు పెట్టి సన్నటి జాలీ చుట్టాలి, అడుగున పెద్ద రాళ్లు, మీద కంకర, ఆ మీద ఇసుక. కప్పు మీది నీళ్లు మాత్రమే వదలాలి. పార్కింగ్ కడిగిన నీళ్లు, డ్రైనేజీ పక్క నీళ్లు పొరపాటున కూడా వద్దు, ఒకసారి బోరులోకి మురుగు దిగితే చుట్టుపక్కల అందరి బోర్లూ చెడతాయి. మొదటి వాన బయటికి వదిలేయడానికి ఒక వాల్వ్.

మియాపూర్_మూడో_అంతస్తు (ఆదివారం, రాత్రి 9:30)

మీటింగ్ అయింది. రెండున్నర గంటలు, మధ్యలో ఒకసారి మైకు లాక్కున్నారు. తాతయ్యగారి 64 ట్యాంకర్ల లెక్క చదివితే చప్పట్లు, లెక్కలసారుగారి 25 రోజుల లెక్క చదివితే కూడా చప్పట్లు. కొత్త బోరుకు 9, గుంతకు, నల్లా సంపుకు కలిపి 13, ఇద్దరు రాలేదు. సెక్రటరీ గారు మాట్లాడటం లేదు. ఇంకో విషయం బయటపడింది: నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీళ్ల పథకం 2021 నుంచి ఉంది కదా, మా అపార్ట్‌మెంట్‌లో ఏడు ఫ్లాట్లవాళ్లు ఆధార్ లింకే చేయించుకోలేదు, మీటర్ కూడా పనిచేయడం లేదు. ఇన్నాళ్లూ బిల్లు కడుతూ ప్రభుత్వాన్ని తిట్టాం.

లెక్కలసారు

నా లెక్క ఓడిపోయినా చప్పట్లు వచ్చాయంటే చాలు. ఖర్చెంత అవుతోంది?

మియాపూర్_మూడో_అంతస్తు

గుంత, పైపులు, చిన్న సంపు అన్నీ కలిపి లక్షా పదివేలు అన్నాడు మేస్త్రీ. ముందు 1,100 అడుగుల బోరు నీళ్లు పరీక్షకు పంపాను. రిపోర్టు వచ్చింది, ఫ్లోరైడ్ 1.7, నైట్రేట్ 61.

ల్యాబ్_అక్క

నైట్రేట్ హద్దు 45. ఎక్కడో డ్రైనేజీ ఇంకుతోందని నా అనుమానం. ఆ నీళ్లు తాగడానికి వద్దు, చిన్నపిల్లల పాలలో అసలే వద్దు. బోరుకు దగ్గర్లో ఉన్న మ్యాన్‌హోల్ లీకవుతోందేమో ఎవరికైనా చూపించండి.

బోరబండ_బిందె

అన్నా, మీ కొత్త సంపు కట్టేటప్పుడు పని చేయడానికి వచ్చేవాళ్ల కోసం కింద ఒక కుళాయి పెట్టించండి. మా అమ్మ పనిచేసే చోట వాచ్‌మన్ పెళ్లాం సీసాలో పట్టుకుంటుంటే ఎవరో అరిచారట.

మియాపూర్_మూడో_అంతస్తు

పెట్టిస్తాను చెల్లీ, ఎస్టిమేట్‌లో రాయిస్తున్నా. అక్కా, మ్యాన్‌హోల్ రేపు పొద్దున చూపిస్తా. ఇప్పుడు కింద హారన్ కొడుతున్నాడు, ఈ రోజు మూడో ట్యాంకర్, వాచ్‌మన్ ఊరెళ్లాడు, పైపు నేనే పట్టాలి.